బస్సు లేని పరుగు

చారులో పోపు వేసి సావిట్లోకి వెళ్ళి గడియారం చూశాను. ఏడు కావడానికి పదకొండు నిమిషాలుంది. "మాటిమాటికీ సూత్తే గడియారం ఆగిపోద్దేటి?" అంది మా అత్త సన్యాసమ్మ, మంచం మీంచే. అది ఆగితే నాకంటే సంతోషించేవాళ్ళుండరు. నాలుగింటికి లేచాను. గేదె కింద పేడ తీసి, పాలు పితికి, మునిసిపాలిటీ కుళాయి దగ్గర వరసలో నిలబడి ఆరు బిందెలు మోసి, కర్రల పొయ్యి మీద అత్తకి వేణ్ణీళ్ళు కాచి, మా పాపకి రెండు జడలు వేసి, ముగ్గురికి మధ్యాహ్నం వంట చేసి, అందులోంచి నా డబ్బాలో సర్దుకునే వేళకి ఎప్పుడూ ఇంతే మిగిలేది. భీమిలిలో మా ఇల్లు కొండవార. బస్టాండు దిగువన, మైలు దూరం. నడిస్తే ఇరవై నిమిషాలు. విశాఖ వెళ్ళే ఏడు గంటల బస్సు ఖచ్చితంగా ఏడింటికే కదిలిపోయేది. తర్వాతది ఏడూ ముప్పావుకి.

ఇది ఎనభై ఒకటి నాటి మాట. నాకు ముప్పై ఏళ్ళు. టైపు లోయరు పాసయి ఆరేళ్ళు 'ఖాళీగా' ఉన్నాక (ఖాళీ అన్నది మా ఆయన మాట, పైన చెప్పిన పనులన్నీ ఆ ఖాళీలో చేసినవే) హార్బరు దగ్గర ఓడల సరుకుల కాగితాలు చూసే ఒక చిన్న కంపెనీలో టైపిస్టు పని దొరికింది. టెంపరరీ. మూడు నెలలకోసారి ఆర్డరు పొడిగిస్తారు. సరిగ్గా తొమ్మిదింటికి హాజరు పుస్తకం హెడ్ క్లర్కు గవర్రాజుగారి బల్ల మీదికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఒక అడ్డగీత. ఆ నెలలో నాకు అప్పటికే మూడు గీతలు పడ్డాయి. "చూడండి భ్రమరాంబగారూ, ఇంకొక్కటి పడిందంటే మీ ఆర్డరు నేను సంతకానికి పెట్టను. ఆడవాళ్ళకి ఇంట్లో వంద పనులుంటాయి, నాకు తెలీదా? అందుకే ఇంటిపట్టున ఉండడమే మేలంటాను" అన్నారాయన, చాలా దయగా. ఆయనింట్లో ఆ వంద పనులూ ఎవరు చేస్తున్నారో నేను అడగలేదు. అడగాల్సింది.

మా ఆయన శ్రీరామ్మూర్తి అప్పట్లో స్టీలు ప్లాంటు కడుతున్న చోట స్టోర్సులో పనిచేసేవారు. గాజువాకలో గది. శనివారం సాయంత్రం మాసిన బట్టల సంచీతో ఇంటికొచ్చి, సోమవారం తెల్లారకట్ల ఉతికిన బట్టల సంచీతో వెళ్ళిపోయేవారు. మూడు గీతల సంగతి చెబితే, "పోతే పోయింది. నిన్నెవరు చెయ్యమన్నారు?" అన్నారు. ఆయన దృష్టిలో అది పెద్దమనసు. నాకు మాత్రం అన్నం సయించలేదు. ఆ పని పోతే నాకు ఏమేం పోతాయో నాకు లెక్క తెలుసు. ఒక బల్ల, ఒక కుర్చీ, నేను కొట్టిన కాగితం చూసి తప్పుల్లేవని తలాడించే మనిషి, భ్రమరాంబగారూ అని పేరు పెట్టి పిలిచే నలుగురు. ఇంట్లో నా పేరు ఎవరూ వాడరు. ఒకరికి 'ఏమే'ని, ఒకరికి 'ఓలె'ని, ఒకరికి 'అమ్మ'ని. నాకా ఉద్యోగం ఉండాలి. అంతకన్నా పెద్ద కారణాలు అప్పుడు నా దగ్గరేవీ లేవు.

అందుకని ఆ రోజు పరిగెత్తాను.

పరుగంటే నాకు ఏ మోజూ లేదు, ముందే చెబుతున్నాను. పదకొండో ఏట వోణీ వేశాక మా అమ్మ "ఇంక గెంతులాపు" అంది, ఆపేశాను. నిజం చెప్పాలంటే హాయిగా ఆపేశాను. ఒళ్ళు కదిలించని పని దేవుడు నాకు ఒక్కటీ రాయలేదు గనక, వీలున్నప్పుడల్లా కూచోవడమే నాకు సుఖం. అలాంటిదాన్ని, పందొమ్మిదేళ్ళ తర్వాత, ఒక చేతిలో డబ్బా, భుజానికి సంచీ, కాళ్ళకి అడ్డంపడే కుచ్చిళ్ళతో కొండవార దారిలో దిగుతున్నాను. నూరడుగులకే ఊపిరి అందలేదు. రెండొందల దగ్గర హవాయి చెప్పు స్ట్రాపు ఊడింది. రెండు చెప్పులూ తీసి చేత పట్టుకున్నాను. జుట్టు ముడి జారిపోయింది. డొక్కలో కత్తి పెట్టి తిప్పుతున్నట్టు పోటు, కళ్ళవెంట నీళ్ళు. మలుపు దగ్గర దేముడమ్మ కళ్ళాపి చల్లుతూ, "ఏటయినాదే, ఏటయినాది?" అని అడిగింది. ఏం లేదని చెబుదామంటే మాట రాలేదు. ఖాళీగా ఉన్న వేళ్ళు గాల్లో తిప్పి, తల అడ్డంగా ఊపి, సాగిపోయాను.

బస్టాండు చేరేసరికి బస్సు కదిలింది. కండక్టరు త్రినాథరావు నన్ను చూసి బెల్లు కొట్టి ఆపించాడు. సీట్లో పడి, తగరపువలస వచ్చేదాకా పరుగుని, బస్సుని, గవర్రాజుగారిని, నన్ను, అందరినీ తిట్టుకున్నాను. ఆ రోజు ఎర్రగీత పడలేదు. చచ్చినా మళ్ళీ పరిగెత్తకూడదని కూడా ఆ రోజే అనుకున్నాను.

సాయంత్రం ఏడున్నరకి ఇల్లు చేరేసరికి మా అత్త అరుగు మీద కూచుని ఉంది. దీపం కూడా పెట్టలేదు. జరిగిందేమిటంటే, మా వైపు పెళ్ళయిన ఆడది చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని, ఏడుస్తూ వీధిలో పరిగెత్తిందంటే దానికి ఒకటే అర్థం. ఇంట్లో ఎవరో పోయారు, మగవాళ్ళకి కబురు చెప్పడానికి వెళ్తోందని. అడిగితే చెయ్యి తిప్పి, తల ఊపాను కూడాను. మా ఇంట్లో పోడానికి తగిన వయసు మా అత్త ఒక్కతికే ఉంది. దేముడమ్మ కళ్ళాపి బకెట్టు అక్కడే వదిలేసి వీధంతా చెప్పింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు పమిటలు నోట కుక్కుకుని రాగాలు తీస్తూ మా ఇంట్లోకి వచ్చారు. ఒకాయన పాడెకి వెదుళ్ళ కోసం మనిషిని కూడా పంపాడట. ఆ సమయానికి మా అత్త నడింట్లో పీట మీద కూచుని చద్దన్నంలో ఆవకాయ కలుపుకుంటోంది.

"నాను బతికే ఉన్నానని నా నోటితో నానే సెప్పుకోవలిసొచ్చినాది" అంది మా అత్త. "నమ్మినారేటి? ఆ దేముడమ్మ నా సెయ్యి ముట్టుకుని సూసినాది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. గుమ్మం పట్టుకుని, పొద్దుటి పోటు మళ్ళీ డొక్కలో లేచేదాకా నవ్వాను. మూడు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పకూడదు గానీ, ఉంది.

ఆదివారం విచారణ జరిగింది. "ఇంకొంచెం ముందు లేస్తే సరిపోతుంది కదా" అన్నారు మా ఆయన, నేను ఉతికిన లుంగీ కట్టుకుని, నేను వేసిన మంచం మీద కూచుని. "మూడున్నరకి లే. అరగంట కలిసొస్తుంది." ఆ అరగంట నా నిద్రలోంచి తియ్యాలని ఆయనకి వెంటనే తట్టింది. గేదెని అమ్మెయ్యచ్చని గానీ, యాభై అయిదేళ్ళ అత్త తన వేణ్ణీళ్ళు తను కాచుకోవచ్చని గానీ ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అదీ నా బాధ. పైగా, సరేనండీ అన్నాను. చివరికి మా అత్త తీర్పు చెప్పింది. "పనికెల్తే ఎల్లు. మన ఈదిలో మాత్రం లగెత్తకు. నానుండగా నన్ను సంపకు."

మూడున్నరకి లేచి చూశాను, నాలుగు రోజులు. ఆశ్చర్యం ఏమిటంటే అరగంట ముందు లేస్తే అరగంట పని ఎక్కువ వచ్చింది. మినప్పప్పు ఉంది కదా రుబ్బెయ్యి, ఎలాగూ లేచావు కదా ధాన్యం ఆరబొయ్యి. ఏడింటికి మళ్ళీ పదకొండు నిమిషాలే. ఇంక లాభంలేదని, ఇంటి వెనక గేదెల పాక పక్కనించి దిగి, జాలరిపేట మీదుగా వెళ్ళే ఇసక దారి పట్టాను. అది మన వీధి కాదు. అక్కడ ఎవరు పరిగెత్తినా ఎవరూ చచ్చిపోయారనుకోరు, ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళు రోజూ పరిగెడతారు.

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. అదే ఊళ్ళో పదేళ్ళనించీ కాపురం చేస్తున్నాను, వాళ్ళు తెచ్చిన చేపలే కొంటున్నాను. తెల్లారకట్ల తెప్పలు ఒడ్డుకొస్తాయి. ఒడ్డునే వేలంపాట పెడతారు. పాటలో చేపలు దక్కించుకున్న ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకుని బస్టాండుకి పరిగెడతారు. ఏడు గంటల బస్సు టాపు మీద పది గంపలకే చోటు. ముందు నిచ్చెన దగ్గరికి చేరిన పదీ ఎక్కుతాయి. పదకొండో గంప ముప్పావు బస్సుకి ఆగాల్సిందే, ఈలోగా విశాఖలో మంచి బేరాలు అయిపోతాయి. అందుకని రోజూ అక్కడ పందెమే. చూసేవాళ్ళు లేరు, చప్పట్లు లేవు, అంతే తేడా.

మొదటి రోజు వాళ్ళందరూ నన్ను దాటేసి పోయారు. నెత్తిన పాతిక కేజీల బరువుతో, యాభై దాటిన గంగాలమ్మతో సహా. డబ్బా, సంచీ పట్టుకుని నేను ఇసకలో కూరుకుపోతుంటే ఆవిడ తల తిప్పకుండానే పలకరించింది.

"ఏటి పాపా, పరుగేటి అది? తవ్వుతన్నావేటి?"

"బస్సు పోద్ది అప్పా" అన్నాను రొప్పుతూ (అప్ప అంటే మా వైపు అక్క).

"బస్సు పోదు గానీ నీ పేణం పోయీలాగున్నాది. సెప్పులిప్పు. ఇసకలో సెప్పులెవులేసుకుంటారు? ఆ కుచ్చిళ్ళెత్తి బొడ్లో దోపు, నీ కాళ్ళెవులూ ఎత్తుకుపోరు. నోరు మూసుకో. ముక్కుతోటి పీల్చు. పెద్ద అంగలెయ్యకు, సిన్నవెయ్యి. తల మీద నా గంప ఉన్నాదనుకో. తల కదిలినాదా, సేపల నీళ్ళు నీ మెళ్ళోకి దిగతాయి."

ఆవిడ చెప్పింది అంతే. అంతకు మించి నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. మర్నాడు లేని గంపని నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. తల కదలకూడదంటే భుజాలు దిగాలి, నడుము నిలబడాలి, అడుగు దగ్గరగా పడాలి. అలా చేస్తే నిజంగానే ఊపిరి అందింది. సగం దారిలో మళ్ళీ ఆగిపోయింది. మొదటి వారమంతా కాళ్ళు పట్టేసి, ఆఫీసులో టైపు మిషను ముందునించి లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచేదాన్ని. రెండో వారం ఏకంగా బందు రావాలని మొక్కుకున్నాను. వర్షం పడితే బాగుండునని, బస్సు చెడిపోతే బాగుండునని, గంగాలమ్మకి జ్వరమొస్తే నేనూ నెమ్మదిగా వెళ్ళొచ్చునని కూడా అనుకున్నాను. ఇష్టంగా చేసినట్టు ఇప్పుడు కబుర్లు చెప్పను. గీత పడకూడదని చేశాను.

నాలుగో వారంలో ఒక మబ్బు పట్టిన రోజు, ఎప్పటిలాగే పాక పక్కనించి దిగాను, ఎప్పటిలాగే ఇసకలో అడుగులేశాను. ఏదో ఆలోచిస్తున్నాను. ఏమిటో కూడా గుర్తులేదు. తల ఎత్తి చూసేసరికి బస్టాండు. బస్సు ఇంకా వెనక్కి తీసి పెట్టనేలేదు. త్రినాథరావు టీ తాగుతున్నాడు. గంగాలమ్మ నా వెనక వస్తోంది. నేను ఆయాసపడడం లేదు. నాకు కలగాల్సింది సంతోషం. కలిగింది మాత్రం, అయ్యో అప్పుడే అయిపోయిందా అని. ఇంకో మైలు ఉంటే బాగుండేది. ఆ మాట అనుకుని నాకు నేనే సిగ్గుపడ్డాను, పెళ్ళయి పాప ఉన్నదాన్ని, ఎవరో మగాణ్ణి చూసి బాగున్నాడనుకున్నట్టు.

అప్పట్నించీ దాన్ని గమనించడం మొదలుపెట్టాను. ఆ పది నిమిషాల్లో ఏముందని. పాక దాటగానే అత్త గొంతు వినపడదు. బస్సులో ఎక్కగానే డబ్బా ఎవరి ఒళ్ళో తగులుతుందో, పక్కన కూచున్నవాడి మోచెయ్యి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. ఆఫీసులో గవర్రాజుగారి దగ్గు వినపడితే వీపు నిటారుగా పెట్టాలి. ఇంటికొచ్చాక సరేసరి. ఇరవై నాలుగ్గంటల్లో ఆ పది నిమిషాలే, నన్ను ఎవరూ ఏదీ అడగలేనివి. పరిగెడుతున్న మనిషిని ఆపి ఉప్పెక్కడుందని ఎవరూ అడగరు. నా కాళ్ళు నేను పుట్టినప్పట్నించీ నా దగ్గరే ఉన్నా, అవి బిందెల కోసం, పొయ్యి కోసం, అత్త పిలుపు కోసం కదిలాయి గానీ వాటంతటవి ఎలా కదులుతాయో నాకు తెలీదు. ఇసక చల్లగా అరికాలికి తగిలి వెనక్కి పోవడం, ఉప్పుగాలి ముక్కులోంచి పొట్టదాకా దిగడం, కాస్త ఒళ్ళు వేడెక్కాక బరువంతా ఎవరో తీసుకున్నట్టు తేలికపడడం. ఇవి నావి. మా అత్త చెంబులా, మా ఆయన సైకిల్లా, నాకంటూ ఒక వస్తువు అమరినట్టు పొంగిపోయాను. ఆఫీసులో ఎవరో నా చీర చేపల వాసనేస్తోందన్నారు. వెయ్యదూ మరి? వేస్తుంది, వెయ్యనివ్వండి అన్నాను.

ఆ పొంగులోనే ఒక రోజు గంగాలమ్మతో అన్నాను, "అప్పా, పరుగెడతంటే ఎంత బాగుంటాదో కదా" అని. ఆవిడ గంప నిచ్చెన దగ్గర దించి, తలకట్టు గుడ్డ విప్పి మెడ తుడుచుకుంది.

"నాకేటి బాగుంటాది పాపా? మెడ నరాలు లాగేత్తన్నాయి. గంప దించినాక ఒక్క అడుగు బేగి ఎయ్యమన్నా నానెయ్యను. నువ్వు నెత్తి మీద ఏటీ నేకుండా పరుగెడతన్నావు, నీకు బాగుంటాది." నా మొహం చూసి కాస్త మెత్తబడింది. "బాగుంటే పరుగెట్టు. తప్పేటున్నాది? మమ్మల్ని బాగున్నాదేటని ఇన్నాళ్ళకి అడిగినదానివి నువ్వొక్కర్తివే."

నాకు తల కొట్టేసినట్టయింది. నా పది నిమిషాల స్వర్గం పక్కనే, అదే ఇసకలో, అదే వేగంతో, ఇంకొకామె మెడ అరిగిపోతోంది. ఆ రోజునించి ఆవిడ గంపని నిచ్చెన మీదికి అందించేటప్పుడు నేనొక చెయ్యి వేసేదాన్ని. అంతకంటే గొప్ప పని నేనేమీ చెయ్యలేదు, చేశానని చెప్పుకోను. కానీ పరుగు మానలేదు. బాగుంటే పరుగెట్టమంది కదా.

ఎర్రగీత మళ్ళీ పడలేదు. రెండేళ్ళకి నన్ను పర్మనెంటు చేశారు. గవర్రాజుగారు కాగితం ఇస్తూ, "మీ ఇంట్లోవాళ్ళు బాగా సహకరించినట్టున్నారు" అన్నారు. "లేదండీ, నేనే కాస్త వేగంగా కదిలాను" అన్నాను. అడగాల్సినవి అడగడం, చెప్పాల్సినవి చెప్పడం కూడా ఆ దారిలోనే ఎక్కడో మొదలయింది. గేదెని అమ్మేశాం, నేను అన్నాకే. మా అత్త వేణ్ణీళ్ళు తను కాచుకోవడం మొదలుపెట్టింది, నెల్లాళ్ళు సణిగాక.

ఆరేళ్ళు అలా పరిగెత్తాను. త్రినాథరావు "అమ్మా, మీరు బస్సెందుకు ఎక్కుతన్నారు, ఇలాగే విశాఖ ఎలిపోండి" అనేవాడు. మా ఆయన మాత్రం స్నేహితుల దగ్గర "మా ఆవిడ పాపం రోజూ మైలు పరిగెత్తి బస్సెక్కుతుందండీ" అని జాలిగా చెప్పేవారు. వాళ్ళు కూడా పాపం అనేవారు. నేను లోపల నవ్వుకునేదాన్ని. అసలు సంగతి చెబితే జాలి పోయి మరేదో వస్తుందని తెలుసు.

ఎనభై ఏడులో ఉక్కునగరంలో మాకు క్వార్టరు వచ్చింది. మేడ మీద రెండు గదులు, గ్యాసు పొయ్యి, వంటింట్లోనే కుళాయి. పాలు గుమ్మంలోకి వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, హార్బరు వైపు వెళ్ళే బస్సు సరిగ్గా మా బ్లాకు ఎదురుగా ఆగుతుంది. మెట్లు దిగితే బస్సు మెట్లే. మా ఆయన ఆ సంగతి కానుక ఇస్తున్నట్టు చెప్పారు. "ఇంక నువ్వు పరిగెత్తక్కర్లేదు." మా అత్త కూడా, "బతికిపోనావే, ఇంక ఆ లగెత్తుడు తప్పినాది" అంది. ఇద్దరూ నిజంగా నా మంచికోరే అన్నారు. నేను కూడా అవునన్నట్టు తలూపాను.

రెండు వారాలు బుద్ధిగా ఎదురుగానే బస్సెక్కాను. ఒంట్లో ఏదో నలతగా ఉండేది. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్న చిరాకు. పాప మీద ఊరికే విసుక్కున్నాను. గ్యాసు పొయ్యి దయవల్ల రోజూ నలభై నిమిషాలు మిగిలేవి. ఆ నలభై నిమిషాల్లో చేసిన వంటగట్టునే మళ్ళీ తుడిచేదాన్ని. కిటికీలోంచి చూస్తే కింద వెడల్పాటి కొత్త తారురోడ్లు, ఇంకా మనుషులు సరిగ్గా చేరని సెక్టార్లు, వరసగా నాటిన చిన్న మొక్కలు. అన్నీ ఖాళీ. పరిగెత్తడానికే వేసినట్టున్నాయి. కానీ ఏ వంకతో? పాలకని దిగుదామంటే పాలు గుమ్మంలోనే ఉన్నాయి.

అప్పుడు ఒక వెర్రి పని చేశాను. మా ఎదురుగా ఆగిన బస్సు సెక్టారంతా చుట్టి, అవతలి చివర ఇంకోసారి ఆగి, పెద్ద రోడ్డెక్కుతుంది. మధ్య మైదానానికి అడ్డంపడి వెళ్తే ఆ చివరి స్టాపు ముప్పావు మైలు. బస్సు వచ్చే వేళకి కింద వాటరు ట్యాంకు వెనక నిలబడేదాన్ని. బస్సు ఆగి, వెళ్ళిపోయాక బయటికొచ్చి, చెప్పులు సంచీలో పెట్టి, కుచ్చిళ్ళు దోపుకుని, ఎవరూ చూడకుండా పరిగెత్తేదాన్ని. పోయిన బస్సు నాకు వంక. వంక ఉంటేనే నాకు కాళ్ళాడేవి. పది రోజులు అలా దొంగబండి నడిపాను. ఒళ్ళు తేలికపడింది, నిద్ర పట్టింది, పాపతో మళ్ళీ నవ్వుతూ మాట్లాడాను.

పదకొండో రోజు మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. సాయంత్రం నేను రాగానే కుర్చీలోంచి లేవకుండా మొదలుపెట్టారు.

"పొద్దున్న బస్సు ఆగింది. డ్రైవరు హారను కూడా కొట్టాడు. నువ్వు ట్యాంకు చాటున నిలబడ్డావు. బస్సు పోయాక దాని వెనకాల పరిగెత్తావు. నేను బాల్కనీలోంచి చూశాను."

"డబ్బా మర్చిపోయాననుకున్నాను" అన్నాను.

"డబ్బా నీ చేతిలోనే ఉంది. ఏటయింది నీకు? డాక్టరుకి చూపిద్దామా? ఇక్కడ చుట్టూ మా ఆఫీసువాళ్ళే ఉన్నారు."

"గాలేటైనా సోకినాదేటో" అంది లోపల్నించి మా అత్త, భయంగానే.

వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పెట్టాను. ముప్పై ఆరేళ్ళొచ్చి, నెలకి జీతం తెచ్చుకుంటూ, ట్యాంకు చాటున నక్కి నా పది నిమిషాలు నేనే దొంగిలించుకుంటున్నందుకు కోపమొచ్చింది. ఆయన్ని కాదు తిట్టుకుంది, నన్నే. భీమిలిలో బస్సు ఉంది గనక పరుగుకి అనుమతి ఉంది. ఇక్కడ బస్సు గుమ్మంలోకి వచ్చింది గనక పరుగు జబ్బయింది. కాళ్ళు అవే, మనిషిని నేనే. గడప దాటాలంటే ఏదో ఒక పని చేతిలో ఉండాలన్న రూలు ఎవరూ రాసి గోడకి తగిలించలేదు. నేనే ఒంటికి పట్టించుకున్నాను. నీళ్ళకి, రేషనుకి, ఆస్పత్రికి, పేరంటానికి, గుడికి, ఆఫీసుకి. నా పుట్టుకలో నేను ఇల్లు కదిలిన ప్రతిసారికీ ఒక పేరుంది. ఊరికే అన్న పేరుతో ఒక్కసారీ కదల్లేదు. మా ఆయన రోజూ సాయంత్రం అలా వెళ్ళొస్తానని చెప్పులేసుకుంటారు. అలా అంటే ఎక్కడికో మేం ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు ఐదున్నరకి లేచాను. చీర పైకెత్తి కట్టుకుని కొంగు బిగించాను. సంచీ తీసుకోలేదు. డబ్బా తీసుకోలేదు. రెండు చేతులూ ఖాళీగా ఉండడం కొత్తగా, బాగుంది. తలుపు గడియ తీస్తే చప్పుడవుతుందని మెల్లిగా తియ్యబోయి, ఎందుకు మెల్లిగా అనుకుని మామూలుగానే తీశాను. మా ఆయన మంచం మీద లేచి కూచున్నారు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ. పరిగెత్తడానికి."

"బస్సు ఎనిమిదింటికి కదా?"

"బస్సుకి కాదు."

"మరెందుకు?"

"బాగుంటుంది" అన్నాను. ఆరేళ్ళు ఇంట్లో దాచుకున్న మాట. బయటికొచ్చాక చూస్తే అంత పెద్దదేమీ కాదు.

ఆయన వద్దనడానికి కారణం వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆఫీసువాళ్ళు, పరువు, డాక్టరు అన్నీ నోటిదాకా వచ్చి, ఆ నిద్రకళ్ళలో అసలుది బయటపడింది.

"నువ్వెళ్ళిపోతే నా కాఫీ ఎవరు పెడతారు?"

"పాలు గుమ్మంలో ఉన్నాయి. పెట్టుకునేటప్పుడు నాక్కూడా ఒక గ్లాసుడు ఎక్కువ పెట్టండి. అరగంటలో వచ్చేస్తాను" అని చెప్పి మెట్లు దిగాను.